మా కాలనీలో అందరూ ఉన్నారు

"అమ్మా, మా కాలనీలో అందరూ ఉన్నారు. నీకేం కొత్తగా ఉండదులే" అంది మా అమ్మాయి ఫోనులో. 2023 జూన్ నెల. దాని రెండో కాన్పుకు నేను అమెరికా ప్రయాణమవుతున్నాను. విస్సన్నపేట ఇంట్లో ఆవకాయ జాడీకి వాసెన కడుతూ ఆ మాట విన్నాను.

ముప్ఫై ఏళ్ళు జూనియర్ కాలేజీ పిల్లలకు తెలుగు చెప్పినదాన్ని. మాటలు పట్టుకుని వేలాడటం నాకు అలవాటు. "అందరూ అంటే ఎవరెవరే?" అని అడిగాను. "అబ్బా, తెలుగువాళ్ళు, గుజరాతీలు, చైనావాళ్ళు, తెల్లవాళ్ళు. నల్లవాళ్ళు కూడా ఒకళ్ళున్నారు. మంచివాళ్ళే" అంది. ఆ 'అందరూ', ఆ 'కూడా', ఆ 'మంచివాళ్ళే' నాతోపాటే విమానం ఎక్కాయి. అక్కడున్న ఆరు నెలల్లో చూసిన దానికీ, పిల్లని జోకొడుతూ చదివిన పుస్తకాలకీ ఆ మూడు మాటలే నాకు వ్యాఖ్యానం అయ్యాయి.

మా అమ్మాయి ఇల్లు డల్లాస్‌కు ఉత్తరాన ఉన్న ఫ్రిస్కోలో. 2000 జనగణన నాటికి ఆ ఊరి జనాభా 34 వేల లోపు. 2020 నాటికి రెండు లక్షలు దాటింది. అందులో సుమారు నాలుగో వంతు ఆసియా వాళ్ళు. వాళ్ళ వీధిలో ఇరవై రెండు ఇళ్ళు. తొమ్మిది తెలుగువాళ్ళవి. కుడిపక్క చైనా దంపతులు. ఎదురింట్లో టీచరుగా చేసి రిటైరైన తెల్లావిడ. మూల ఇంట్లో నల్లజాతి కుటుంబం, ఇద్దరు ఆడపిల్లలు. వారానికోసారి గడ్డి కోయడానికి స్పానిష్ మాట్లాడే మగవాళ్ళు వస్తారు. వాళ్ళు ఆ వీధిలో పనిచేస్తారు గానీ ఉండరు.

కాబట్టి అమ్మాయి చెప్పింది అబద్ధం కాదు. అందరూ ఉన్నారు. కానీ ఆ ఇంట్లోకి వచ్చిన వాళ్ళెవరని లెక్క చూసుకుంటే సీమంతానికీ, బారసాలకీ తెలుగువాళ్ళు వచ్చారు. ఎదురింటి ఆవిడ అరటిపండు కేకు తెచ్చి గుమ్మంలో ఇచ్చి వెళ్ళింది. చైనా ఆవిడ తమ ఇంటికి పొరపాటున వచ్చిన పార్సెల్ ఇచ్చి వెళ్ళింది. మూల ఇంటివాళ్ళు రాలేదు. మనవాళ్ళూ అక్కడికి పోలేదు. ఎవరూ ఎవరితోనూ పోట్లాడలేదు. కార్లలోంచి చేతులూపుకుంటారు, అంతే.

సాయంత్రం నడవడం నాకు అలవాటు. ఇక్కడైతే నూజివీడు రోడ్డు వైపు కొంత దూరం వెళ్ళి వస్తాను. అక్కడా అలాగే నేత చీర, కాళ్ళకు చెప్పులు, ఉత్త చేతులతో బయలుదేరాను. రెండో వారంలో ఒక కారు నా పక్కన నెమ్మదించింది. అద్దం దించి ఒకావిడ, నవ్వుతూనే, ఎవరింటికి వచ్చారని అడిగింది. చెప్పాను. బాగుందని చెప్పి వెళ్ళిపోయింది. మాటలో తప్పేమీ లేదు. ఇంటికొచ్చి చెబితే మాత్రం మా అమ్మాయి మొహం మారిపోయింది. "ఇకనుంచి ఫోను పట్టుకెళ్ళు. గ్యారేజీల ముందు నిలబడకు. ఇళ్ళ వంక తేరిపార చూడకు. ఎవరన్నా కనిపిస్తే నువ్వే ముందు చెయ్యి ఊపు" అంది. ఈ నియమాలేమిటే అంటే అప్పుడు చెప్పింది, సురేష్‌భాయ్ పటేల్ సంగతి.

2015 ఫిబ్రవరి 6న అలబామా రాష్ట్రంలోని మాడిసన్ అనే శివారు పట్టణంలో జరిగిందది. మనవణ్ణి చూసుకోవడానికి గుజరాత్ నుంచి వచ్చిన 57 ఏళ్ళ మనిషి పొద్దున్నే నడకకు బయలుదేరాడు. ఎవరో పోలీసులకు ఫోన్ చేశారు. సన్నటి నల్లమనిషి ఒకడు ఇళ్ళ వంక చూస్తూ తిరుగుతున్నాడనీ, ఇదివరకు ఎన్నడూ చూడలేదనీ చెప్పారు. పోలీసులు వచ్చి ప్రశ్నలేశారు. ఆయనకు ఇంగ్లీషు రాదు. ఒక పోలీసు ఆయన్ని చేతులు విరిచి పట్టుకుని నేలకేసి కొట్టాడు. మెడ దగ్గర దెబ్బ తగిలి శరీరం చచ్చుబడింది. ఆ పోలీసు మీద విచారణ రెండుసార్లు జరిగి రెండుసార్లూ జ్యూరీ ఏ సంగతీ తేల్చలేకపోయింది. 2016 జనవరిలో జడ్జి అతన్ని నిర్దోషిగా వదిలేశారు.

ఈ వార్త వచ్చినప్పుడు మన ఇళ్ళల్లో అందరూ అనుకున్న మాట నాకు బాగా గుర్తు. "పాపం, నల్లవాడనుకున్నారట." నేనూ అన్నాను. ఎనిమిదేళ్ళ తర్వాత, ఆ వీధిలో నా చెప్పుల చప్పుడు నాకే వినబడుతుంటే, ఆ వాక్యం ఎంత ఘోరమైందో తెలిసింది. 'అనుకున్నారట' అన్న మాటలో మన జాలి ఎవరి మీద? నిజంగా నల్లవాడే అయితే నేలకేసి కొట్టవచ్చా? మనం బాధపడింది దెబ్బకు కాదు, పొరపాటుకు. మనల్ని వాళ్ళ లెక్కలో వేసినందుకు.

తెలుగులో 'సబర్బ్'కు సరైన మాట లేదు. 'శివారు' అంటాం గానీ ఆ మాటకు మన దగ్గర వేరే చరిత్ర ఉంది. ఊరి శివారున ఉండేది మాలపల్లి, మాదిగ గూడెం. శివారుకు నెట్టేశారు అంటే వెలేశారని అర్థం. డబ్బున్నవాళ్ళు ఊరి నడిబొడ్డు వదిలి తమంతట తాము శివారుకు పోవడం మనకు ఇటీవలి ముచ్చట. విస్సన్నపేట చుట్టుపక్కల మామిడి తోటలు కొట్టి ప్లాట్లు వేయడం మొదలయ్యాకే మాకూ తెలిసింది.

'కాలనీ' అన్న మాటా అంతే. నా చిన్నప్పుడు కాలనీ అంటే ప్రభుత్వం కట్టించిన ఎస్సీ కాలనీయే. 'కాలనీ వాళ్ళు' అన్నప్పుడు గొంతు కాస్త తగ్గేది. తర్వాత ఉద్యోగస్తులు, వ్యాపారస్తులు ఇళ్ళు కట్టుకున్న చోటూ కాలనీయే అయింది. పెళ్ళి శుభలేఖల మీద అచ్చువేసుకునేంత గొప్ప కాలనీ ఇది. ఒకే మాట. ఒకచోట తలవంపు, ఇంకోచోట హోదా. మా అమ్మాయి 'మా కాలనీ' అన్నప్పుడు ఈ రెండో అర్థంలోనే అంది. కానీ అమెరికా చరిత్ర చదివితే అక్కడి కాలనీకి కూడా మొదటి అర్థం పునాదుల్లోనే ఉందని తెలుస్తుంది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, 1947 నుంచి, లెవిట్‌టౌన్ లాంటి చోట్ల వేల ఇళ్ళు ఒకే అచ్చులో లేచాయి. నల్లవాళ్ళకు అమ్మేవాళ్ళు కాదు. అంతకు ముందు నుంచే ఇంటి దస్తావేజుల్లో ఫలానా జాతి వాళ్ళకు అమ్మరాదు, అద్దెకివ్వరాదు అన్న షరతులు ఉండేవి. 1948లో సుప్రీంకోర్టు ఆ షరతులను కోర్టులు అమలు చేయకూడదంది. అయినా 1957లో పెన్సిల్వేనియా లెవిట్‌టౌన్‌లో డెయిజీ మయర్స్, ఆమె భర్త, చిన్నపిల్లలతో ఒక ఇంట్లో దిగితే వారాల తరబడి గుంపులు చేరి అల్లరి చేశాయి, రాళ్ళేశాయి. ఆ అనుభవం మీద ఆమె తర్వాత పుస్తకం రాసింది. ఇళ్ళ అమ్మకాల్లో, అద్దెల్లో జాతి వివక్ష చూపకూడదన్న చట్టం 1968 ఏప్రిల్ 11న వచ్చింది, మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారానికి. మన వాళ్ళకు అమెరికా తలుపులు తెరిచిన వలస చట్టం 1965ది. అదీ పౌరహక్కుల ఉద్యమపు వేడిలో వచ్చిందే. 2010 జనగణన నాటికి వంద పెద్ద మహానగర ప్రాంతాల శివార్లలో తెల్లవాళ్ళు కానివాళ్ళు 35 శాతం అయ్యారు. ఆ ప్రాంతాల్లో ఉండే నల్లజాతి వాళ్ళల్లో సగం కంటే ఎక్కువమంది శివార్లలోనే ఉన్నారు. 'అందరూ' అన్న మాట నిజమవడానికి ఇంత జరిగింది.

ఇందులో మన ఆడవాళ్ళ కథ కూడా ఉంది. కళా బాగాయి భర్తతో, ముగ్గురు కొడుకులతో 1915లో శాన్‌ఫ్రాన్సిస్కో చేరింది. బర్కిలీలో ఇల్లు కొనుక్కుని సామాను వేసుకుని వెళితే ఇరుగుపొరుగు ఆ ఇంటికి తాళం వేసి లోపలికి రానివ్వలేదు. 1923లో భగత్‌సింగ్ థింద్ కేసులో, భారతీయులు తెల్లవాళ్ళు కారు కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. దాంతో ఆమె భర్త వైష్ణోదాస్ పౌరసత్వం పోయింది, ఆస్తి పోయింది. 1928లో ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు. ఆమె పిల్లల్ని పెంచుకుని నిలబడింది. 2020లో బర్కిలీ నగరసభ తన నడిబొడ్డున ఒక వీధికి ఆమె పేరు ఖాయం చేసింది. ఆ థింద్ కేసులో వాదన ఏమిటో గమనించండి. తాను అగ్రకులస్తుణ్ణి, ఆర్యుణ్ణి, కాబట్టి తెల్లవాళ్ళలో జమ కట్టండి అని. అమెరికా కోర్టులో మనం మొదట చూపించుకున్న యోగ్యతా పత్రం కులం. గుంపులోంచి తప్పించుకుని గట్టు మీద నిలబడాలన్న ఆశ 'పాపం, నల్లవాడనుకున్నారట' అనే మాటకు చాలా ముందుదే.

*

పసిపిల్ల నిద్రపోయే వేళల్లో మళ్ళీ చదివిన పుస్తకాల్లో మొదటిది లొరెయిన్ హాన్స్‌బెర్రీ నాటకం 'ఎ రైజిన్ ఇన్ ది సన్'. 1959లో బ్రాడ్వే మీద ప్రదర్శించిన మొదటి నల్లజాతి స్త్రీ నాటకం అది. అప్పటికి ఆమెకు 28 ఏళ్ళు. ఇదివరకు ఎప్పుడో చదివి, డబ్బు పోగొట్టుకున్న కొడుకు కథగానే గుర్తుపెట్టుకున్నాను. ఈసారి అది నాకు ఒక అత్తగారు ఇల్లు కొన్న కథగా కనిపించింది.

లీనా యంగర్ ఇళ్ళల్లో పనిచేసే మనిషి. భర్త చనిపోతే పదివేల డాలర్ల ఇన్సూరెన్స్ వచ్చింది. ఇరుకు వాటాలో మూడు తరాలు ఉంటున్నాయి. కోడలు రూత్ కడుపుతో ఉంది, ఆ గదుల్లో ఇంకో ప్రాణికి చోటు లేదని కడుపు తీయించుకునే ఆలోచనలో ఉంది. లీనా ఇల్లు కొనేది ఆ క్షణంలో. తెల్లవాళ్ళ పేట అయిన క్లైబోర్న్ పార్కులో ఎందుకు కొంది? వాళ్ళ పక్కన ఉండాలన్న మోజుతో కాదు. నల్లవాళ్ళ కోసం ఎక్కడో దూరంగా కట్టే ఇళ్ళ ధర ఎక్కువ. ఉన్న డబ్బులో మంచి ఇల్లు అక్కడే దొరికింది. ఇంటి ఖర్చు చూసుకునే ఏ ఆడమనిషైనా చేసే లెక్కే అది. ఆ లెక్కకు చరిత్ర అడ్డం వస్తుంది.

అడ్డం వచ్చేవాడు కత్తి పట్టుకుని రాడు. కార్ల్ లిండ్నర్ ఆ పేట అభివృద్ధి సంఘం ప్రతినిధి. బిడియస్తుడు, మర్యాదస్తుడు. తిట్టడు. ఎవరి నేపథ్యం వాళ్ళది, ఎవరి వాళ్ళతో వాళ్ళుంటే సుఖం అన్న ధోరణిలో మాట్లాడతాడు. మీరు రాకుండా ఉంటే కొన్నదానికంటే ఎక్కువ సొమ్ము ఇస్తామంటాడు. హాన్స్‌బెర్రీ గొప్పతనం ఈ మనిషిని రాక్షసుణ్ణి చేయకపోవడంలో ఉంది. రాక్షసుడైతే మనం కాదు కదా అని నిశ్చింతగా ఉండేవాళ్ళం. లిండ్నర్‌లో నాకు తెలిసినవాళ్ళు చాలామంది కనిపించారు.

హాన్స్‌బెర్రీ స్వయంగా ఎరిగిన సంగతే రాసింది. 1937లో ఆమె తండ్రి చికాగోలో తెల్లవాళ్ళ పేటలో ఇల్లు కొన్నాడు. గుంపు చేరి రాళ్ళేసింది. ఒక రాయి చిన్నపిల్ల అయిన లొరెయిన్‌కు తగలబోయి తప్పింది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1940లో వాళ్ళ పక్షాన తీర్పు వచ్చింది. కేసులో, పుస్తకాల్లో తండ్రి పేరే ఉంటుంది. కానీ ఆయన కేసు పనిమీద ఊళ్ళు తిరుగుతుంటే రాత్రిళ్ళు పిస్తోలు పట్టుకుని ఇంట్లో పిల్లలకు కాపలా కాసింది తల్లి. ఈ సంగతి కూతురు చెప్పబట్టి మనకు తెలిసింది. చట్టం మగవాళ్ళ పేరుతో నడిచింది, కాపలా ఆడవాళ్ళు కాశారు. చరిత్రలో ఇది మనం చాలాచోట్ల చూసినదే.

రెండో పుస్తకం ఝంపా లాహిరి కథలు, 1999 నాటివి. అందులో 'మిసెస్ సేన్స్' మన ఆడవాళ్ళందరికీ దగ్గర కథ. భర్త యూనివర్సిటీలో పని. ఆమె పదకొండేళ్ళ అమెరికన్ పిల్లవాణ్ణి చూసుకుంటూ, నేలమీద కత్తిపీట పెట్టుకుని కూరలు తరుగుతూ, చేపల కోసం తపిస్తూ ఉంటుంది. కారు నడపడం రాదు, భయం. గొంతెత్తి అరిస్తే ఈ ఊళ్ళో ఎవరైనా వస్తారా అన్నది ఆమె అనుమానం. మా అమ్మాయి ఇంట్లో నేనూ కత్తిపీట కోసం వెతికాను కాబట్టి ఆ అనుమానం నాకు అర్థమైంది.

కానీ ఈ రెంటినీ పక్కపక్కన పెట్టుకుని చదివితే ఇంకోటి తోస్తుంది. మిసెస్ సేన్ భయం అరిచినా ఎవరూ రారని. లీనా యంగర్ భయం అరవకపోయినా గుంపు వస్తుందని. వలస వచ్చిన మధ్యతరగతి స్త్రీ ఒంటరితనాన్ని మన సాహిత్యం బాగా పట్టుకుంది. తెలుగులోనూ అంతే. నిడదవోలు మాలతి 'చాతకపక్షులు' మొదలుకుని ఎన్నో రచనల్లో మంచు కురిసే కిటికీ పక్కన నిలబడ్డ స్త్రీని చూశాం. నేను చదివినంతలో ఆ కిటికీలోంచి మంచు కనిపిస్తుంది, మనం వదిలి వచ్చిన ఊరు కనిపిస్తుంది. మూల ఇల్లు కనిపించడం అరుదు. నల్లజాతి స్త్రీ మన అమెరికా కథల్లో పొరుగింటి మనిషిగా, ఒక పేరున్న మనిషిగా ఎన్నిసార్లు వచ్చింది? నాకు తట్టినవి వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. ఆమె పోరాడి తీయించిన తలుపులోంచే మనం లోపలికి వెళ్ళాం. వెళ్ళాక తలుపు మన చేత్తో దగ్గరగా వేశాం.

మనకూ దెబ్బలు తగల్లేదా అంటే తగిలాయి. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రం ఒలేథాలో శ్రీనివాస్ కూచిభొట్లను కాల్చి చంపారు. మేమిక్కడి వాళ్ళమేనా అని ఆయన భార్య సునయన దుమాల అమెరికా అంతా వినేలా అడిగింది. ఆ రోజుల్లో మన వాళ్ళ మధ్య ఎక్కువగా తిరిగిన సలహా ఏమిటి? బజార్లో తెలుగులో మాట్లాడకండి అని. మా అమ్మాయి కూడా కొన్నాళ్ళు ఫోనులో గుసగుసగా మాట్లాడింది. ఆమె అడిగింది ఒక ప్రశ్న. మనం ఎంచుకున్నది కనబడకుండా మసలడం. ఆ ప్రశ్నను నూరేళ్ళుగా అడుగుతున్నవాళ్ళు మూల ఇంట్లోనే ఉన్నారని మనకు తట్టలేదు.

*

ఫ్రిస్కో పక్కనే మెక్‌కిన్నీ ఉంది. అక్కడా మనవాళ్ళు చాలామందే. 2015 జూన్ 5న అక్కడి ఒక కాలనీ ఈతకొలను దగ్గర పిల్లలు పార్టీ చేసుకున్నారు. అన్ని రంగుల పిల్లలూ ఉన్నారు. పెద్దవాళ్ళు కొందరు నల్లపిల్లల్ని ప్రభుత్వం ఇచ్చే ఇళ్ళకు పొమ్మన్నారని పిల్లలు చెప్పారు. గొడవైంది, పోలీసులు వచ్చారు. ఈత దుస్తుల్లో ఉన్న పదిహేనేళ్ళ నల్లజాతి ఆడపిల్లను ఒక పోలీసు జుట్టు పట్టి నేలమీదకు లాగి, వీపుమీద మోకాళ్ళతో కూర్చున్నాడు. ఇదంతా ఒక పిల్లవాడు వీడియో తీశాడు కాబట్టి లోకం చూసింది.

'ప్రభుత్వ ఇళ్ళకు పొండి.' నాకు దాని తర్జుమా వెతుక్కోవలసిన పని లేకపోయింది. 'కాలనీ వాళ్ళు'.

ఈతకొలను గొడవ గురించి చదువుతుంటే నాకు కారంచేడు చెరువు గుర్తుకు రావడంలో ఆశ్చర్యం లేదు. 1985 జూలైలో, దళితులు తాగే నీళ్ళలో గేదెల కుడితి బకెట్లు కడగబోతే వద్దన్నందుకు కొట్టడానికి వచ్చారు. అప్పుడు మున్నంగి సువార్త అనే దళిత స్త్రీ తన చేతిలో బిందె ఎత్తింది. 17వ తేదీన ఆరుగురు దళితులను చంపారు, ఆడపిల్లల మీద అత్యాచారాలు చేశారు. మెక్‌కిన్నీలో ప్రాణాలు పోలేదు, రెండూ ఒకటి కావు. కానీ నీటి దగ్గరే ఎందుకు? కాలనీలో అందరూ ఉన్నారన్న మాట లెక్కలో బాగానే ఉంటుంది. ఒకే నీళ్ళలో దిగేటప్పుడు, ఒకే వాటా పంచుకునేటప్పుడు దాని నిజం తేలుతుంది.

వాటా అన్నాను కాబట్టి నా సంగతి చెప్పాలి. ఇది చెప్పకుండా లిండ్నర్ గురించి రాసే అర్హత నాకు లేదు.

మా ఇంటి మేడమీద వాటా ఉంది. అమెరికా ప్రయాణానికి కొన్నేళ్ళ ముందు, విస్సన్నపేటకు బదిలీ మీద వచ్చిన ఒక టీచరమ్మ అద్దెకు అడగడానికి వచ్చింది. ఇంగ్లీషు చెబుతుంది. భర్త వేరే ఊళ్ళో ఉద్యోగం, చిన్న పిల్ల. వాటా చూసింది, నచ్చింది. నేను కాఫీ కలిపి తెచ్చేలోపు మా వారు ఊరూ పేరూ అడిగారు. ఆదివారం చర్చి ఎంత దూరమని ఆవిడ అడిగింది. మా వారు అలాగే నవ్వుతూ, "అన్నట్టు మా తమ్ముడి కొడుకు వస్తానన్నాడమ్మా, వాడితో ఓ మాట అనుకుని చెబుతాం" అన్నారు. తమ్ముడి కొడుకు హైదరాబాదులో ఉన్నాడు. రాడని ఆయనకు తెలుసు, నాకు తెలుసు. కాఫీ తాగుతూ మా కళ్ళలోకి చూసిన ఆ అమ్మాయికి కూడా తెలుసు. నేను ఒక్క మాట అనలేదు. క్లాసులో సమానత్వం గురించి పాఠం చెప్పినదాన్ని, మీలాగే ఈ పత్రికలు చదివేదాన్ని, ఆ గ్లాసు కడిగి బోర్లించాను. ఏడు నెలలు ఆ వాటా ఖాళీగా ఉంది.

మన స్త్రీవాదం ఇంటిని లోపలి నుంచి తిరగేసి చూపించింది. విమల 'వంటిల్లు' కవిత తర్వాత వంటగదిని పాత కళ్ళతో చూడటం మనకు సాధ్యం కాలేదు. అప్పుడు దళిత స్త్రీలు అడిగారు: ఆ ఇల్లు ఊళ్ళో ఎక్కడుంది? ఆ వంటింటి గుమ్మం దాకా ఎవరు రాగలరు? గోగు శ్యామల తెచ్చిన 'నల్లపొద్దు' సంకలనం ఆ ప్రశ్నలకు ఎనభై ఏళ్ళ చరిత్ర ఉందని చూపించింది. నేను ఆ పుస్తకం మీద సదస్సులో మాట్లాడాను కూడా. వాటా సంగతి ఆ తర్వాతే జరిగింది.

ఫ్రిస్కోలో చదివిన మూడో పుస్తకం సుజాత గిడ్ల 2017లో ఇంగ్లీషులో రాసిన 'యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్'. కాకినాడలో పెరిగిన దళిత స్త్రీ న్యూయార్క్ సబ్‌వేలో కండక్టరుగా పనిచేస్తూ రాసిన కుటుంబ చరిత్ర. చాలామంది దాన్ని ఆమె మేనమామ కె.జి. సత్యమూర్తి కథగా చదివారు. నాకు అది ఆమె తల్లి, లెక్చరర్ మంజుల కథ. పేదరికం, కులం, మొగుడి దెబ్బలు, ఉద్యోగం, పిల్లలు. చదువుతున్నంతసేపూ నాకు మా గుమ్మంలో నిలబడ్డ టీచరమ్మే కనిపించింది. మా అమ్మాయి ఇంటికొచ్చే తెలుగు స్నేహితురాళ్ళు ఈ పుస్తకం పేరు వినలేదు. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధించింది. అదే ఏడు అక్టోబరులో కాలిఫోర్నియా గవర్నరు అలాంటి బిల్లును తిప్పికొట్టారు. ఆ బిల్లు మన పరువు తీస్తుందన్న సందేశాలు మాత్రం టెక్సాస్‌లో ఉన్న మా అమ్మాయి ఫోనుకు కూడా వచ్చాయి. 'ఇక్కడ కులమెక్కడుంది' అనే వాళ్ళే, ఇల్లు ఎక్కడ కొన్నారు అని అడిగాక 'మనవాళ్ళున్నారా' అని రెండో ప్రశ్న వేయడం నేను విన్నాను.

తిరుగు ప్రయాణానికి వారం ముందు, పిల్లని బండిలో వేసుకుని తోసుకుంటూ మూల ఇంటిదాకా వెళ్ళాను. ఆవిడ ముందు మొక్కలకు నీళ్ళు పోస్తోంది. నాకొచ్చిన ఇంగ్లీషులో పలకరించాను. పిల్లని చూసి మురిసింది. ఎన్నాళ్ళయింది మీరొచ్చి అని అడిగాను. పద్నాలుగేళ్ళు అంది. అప్పుడు ఈ వీధంతా తెల్లవాళ్ళే, మేం ఒక్కళ్ళమే. ఇప్పుడు వీధంతా మీవాళ్ళే, మేం ఒక్కళ్ళమే. నవ్వుతూనే చెప్పింది. దీపావళికి దీపాలు చాలా బాగుంటాయనీ, తన పిల్లలు కిటికీలోంచి చూస్తారనీ అంది.

ఆ రాత్రి మా అమ్మాయికి చెప్పాను. అది చాలాసేపు మాట్లాడలేదు. "మేం పిలవకూడదని కాదమ్మా. ఎప్పుడూ తట్టలేదు" అంది. నేను దాన్ని ఏమని నిలదీయను? తట్టకపోవడం నేర్చుకుంది మా ఇంట్లోనే. పోయినేడు దీపావళికి పిలిచిందట. వాళ్ళు వచ్చారట. ఆ ఒక్క సాయంత్రంతో అంతా మారిపోయిందని నేను చెప్పను. ఆడపిల్లలిద్దరూ కాకరపువ్వొత్తులు కాల్చిన ఫోటో పంపింది.

ఇక్కడ మా టీచరమ్మ ఎప్పుడో బదిలీ మీద వెళ్ళిపోయింది. ఆవిడకు చెప్పవలసిన మాట నా దగ్గరే ఉండిపోయింది. మొన్న మేడమీద వాటా మళ్ళీ ఖాళీ అయింది. ఈసారి బోర్డు నేనే రాశాను, అద్దెకు కలదు అని, కింద నా ఫోను నంబరు. మా వారు ఏమీ అనలేదు. మొదటి ఫోను వచ్చింది. గదులెన్ని, నీళ్ళకు ఇబ్బందా, అద్దె ఎంత అన్నీ అడిగాక అవతలి ఆవిడ గొంతు తగ్గించి, "ఇంతకీ మీరెవరండీ?" అంది.

నా పేరు చెప్పాను. ఆవిడ అడిగింది పేరు కాదని ఇద్దరికీ తెలుసు. కాసేపు ఆగి, ఇంట్లో కనుక్కుని చేస్తానంది. మళ్ళీ చేయలేదు. వాటా ఇంకా ఖాళీగానే ఉంది. బోర్డు తీయలేదు.